నొమురా గృహం: వాస్తుపాఠంలో ఒక ప్రక్షిప్తం

జపాన్‌లోని కనజావా నగరంలో, నాగమాచి ప్రాంతంలో ఉన్న నొమురా గృహం సమురాయ్ జీవనానికి నమూనాగా ప్రసిద్ధం. 1583లో మాయెదా తొషియె కనజావా కోటలో ప్రవేశించినప్పుడు ఆయన వెంట వచ్చిన నొమురా దెంబెయి వంశీకుల నివాసస్థలమిది. వెయ్యికి పైగా కొకుల బియ్యం (కొకు అంటే సుమారు 150 కిలోలు) భృతిగా పొందుతూ, 1871లో సంస్థానాలు రద్దయ్యేదాకా ఈ కుటుంబం మాయెదాల కొలువులో ఉంది. తర్వాత భృతి పోయింది, స్థలం ముక్కలైంది, భవనం నిలవలేదు.

నేడు సందర్శకులు చూసే ప్రధాన భాగం హషిదాతెకు చెందిన సంపన్న వర్తకుడు కుబొ హికొబెయి గృహానిది. షోవా యుగారంభంలో దాన్ని విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. కొయ్యను కొయ్యతోనే బిగించే జపాన్ వడ్రంగంలో ఇది వింత కాదు, రహస్యమూ కాదు. అయినా ‘సమురాయ్ ఇల్లు’ అన్న పేరు ముందు ఈ వివరం మరుగున పడుతుంది. ప్రక్షిప్త పద్యాన్ని గుర్తించిన పరిష్కర్త దాన్ని తొలగించవచ్చు, లేదా అది ఎందుకు చేరిందని అడగవచ్చు. ఇక్కడ రెండో మార్గమే ఫలవంతం.

ఈ భాగంలోని ‘జోదాన్ నో మా’ను 1843లో దైషోజి సంస్థానాధీశుడి రాక కోసం కట్టించారు. దాని నేల పక్కగది నేల కంటే కొంచెం ఎత్తు. హోదా అంతా ఆ తేడాలోనే ఉంది. పైకప్పు హినోకి కలపతో గళ్లుగళ్లుగా అమర్చినది. జరుపుతలుపుల మీద ఆ సంస్థానపు ఆస్థాన చిత్రకారుడు ససకి సెంకెయి చిత్రాలు. తొకుగవా కాలపు అంతస్తుల్లో వర్తకుడు యోధుడికి దిగువవాడు. అంటే తన ఇంట్లోనే తాను తలవంచవలసిన చోటును కుబొ సొంత సొమ్ముతో నిర్మించుకున్నాడు. కాబట్టి సమురాయ్ అభిరుచిగా మెచ్చుకుంటున్నది, ప్రభువుకు ఏది నచ్చుతుందని ఒక వర్తకుడు ఊహించాడో దానిని. ఆ ఊహ విలువైన సాక్ష్యమే. నొమురా కుటుంబం ఎలా వండుకుంది, ఎక్కడ నిద్రించింది అన్న ప్రశ్నలకు మాత్రం ఈ గదులు జవాబివ్వవు; వాటిని అందుకు ఉదాహరించడం పొరపాటు.

నొమురాల కాలం నుంచి మిగిలినవి మట్టిగోడ, తోటలో కొన్ని పాత చెట్లు, రాళ్లు. వసారా అంచున కూర్చుని తోటను చూసేవారికి రెండు ఇళ్లు ఒకేసారి కనిపిస్తాయి: కూర్చున్నది వర్తకుడి చెక్క మీద, చూస్తున్నది యోధుల నేలను. నాగమాచి మట్టిగోడలకు చలికాలంలో మంచు తగలకుండా గడ్డిచాపలు కడతారు. ఆ గోడలను వీథిలోంచి, టికెట్ లేకుండానే చూడవచ్చు.