నెల్లూరు కలెక్టరు ఇచ్చిన తీరిక

1910 చివర్లో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావును కలవడానికి ఒక యువకుడు నలిగిన నోటుబుక్కు చంకన పెట్టుకుని వచ్చాడు. ఎఫ్.ఏ. తప్పాడు, పెళ్లయింది, ఉద్యోగం లేదు. పేరు శ్రీనివాస రామానుజన్. రామచంద్రరావు అప్పట్లో భారత గణిత సంఘం ముఖ్యుల్లో ఒకరు. అయినా ఆ నోటుబుక్కు ఆయనకు ఒక పట్టాన కొరుకుడు పడలేదు. రామానుజన్ తేలిక ఫలితాలతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పైకి తీసుకెళ్లాడు. చివరికి ఏం కావాలని అడిగితే, తిండికి లోటు లేకుండా లెక్కలు చేసుకునే తీరిక చాలన్నాడు.

ఇలాంటివాణ్ణి నెల్లూరులాంటి మొఫసిల్ ఊళ్లో ఉంచితే మగ్గిపోతాడని కలెక్టరు మద్రాసుకు తిప్పి పంపి, నెలనెలా 25 రూపాయలు ఇచ్చాడు. నెల్లూరు వాళ్లకు ఆ మాట కాస్త గుచ్చుకుంటుంది గానీ, నిర్ణయం సరైనదే.

మరుసటి ఏడు, 1911లో, గణిత సంఘం పత్రికలో రామానుజన్ తొలి వ్యాసం వచ్చింది. విషయం బెర్నౌలీ సంఖ్యలు, అంటే వరస సంఖ్యల ఘాతాలను కూడే సూత్రాల్లో తగిలే భిన్నాలు. వాటి హారాల్లో ప్రధాన సంఖ్యలు దాక్కుని ఉంటాయి. పన్నెండో భిన్నం హారం కావాలా? 12ను నిశ్శేషంగా భాగించేవి 1, 2, 3, 4, 6, 12. ఒక్కోదానికి ఒకటి కలిపితే 2, 3, 4, 5, 7, 13. వీటిలో 4 ప్రధాన సంఖ్య కాదు, తీసేయండి. మిగిలినవి గుణిస్తే 2730. అదే హారం. ఐరోపాలో ఈ సూత్రం 1840 నాటికే తెలుసు. తెలిసిందైనా సరే, పెన్సిలు పట్టి 10కీ 16కీ చేసి చూస్తే ఆ రుచి వేరు.

స్ఫూర్తి ఎక్కడిదంటే నామగిరి అమ్మవారి కృప అనేవాడు రామానుజన్. దాన్ని కాదనే పని నాకు లేదు. కానీ ఆ పక్కనే కార్ సంకలనమూ ఉంది. నిరూపణలు పెద్దగా లేకుండా వేల ఫలితాలు పేర్చిన ఆ పుస్తకం కుర్రతనంలోనే అతని చేతికందింది. కాగితం కొనలేక పలక మీద లెక్క చేసి, మోచేత్తో చెరిపి, ఫలితం మాత్రమే నోటుబుక్కులోకి ఎక్కించడమూ ఉంది. ఉదాహరణలు కుప్పలుగా పోసి వాటిలో క్రమం పసిగట్టడం అతని పద్ధతి.

ఆ పద్ధతి ప్రధాన సంఖ్యల దగ్గరే దెబ్బతింది. ఒక హద్దులోపు అవి ఎన్ని ఉంటాయో కచ్చితంగా చెప్పే సూత్రం ఇంతవరకూ దొరకలేదని కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీ రాసింది చదివి, దాదాపు సరిపోయే సూత్రం తన దగ్గరుందని ఆయనకే 1913 జనవరి ఉత్తరంలో రాశాడు. చిన్న సంఖ్యలకు అది బాగానే పనిచేసింది. ప్రధాన సంఖ్యల లెక్కతో ముడిపడిన జీటా ప్రమేయపు సంకీర్ణ సున్నాలను లెక్కలోకి తీసుకోకపోవడంతో అతననుకున్నంత కచ్చితం కాలేకపోయింది.

1919లో అదే గణిత సంఘం పత్రికలో మరో చిన్న వ్యాసం వచ్చింది. ఒకటి కంటే పెద్దదైన ఏ సంఖ్యకైనా, దాని రెట్టింపుకూ మధ్య ఒక ప్రధాన సంఖ్య తప్పకుండా ఉంటుందన్న పాత మాటకు ఈసారి అతను ఇచ్చింది పూర్తి నిరూపణ. అక్కడితో ఆగలేదు. 11 నుంచి మొదలుపెడితే ఏ సంఖ్యకైనా దాని సగానికీ మధ్య (ఆ సంఖ్యను కూడా కలుపుకుని) కనీసం రెండు, 17 నుంచి మూడు, 29 నుంచి నాలుగు, 41 నుంచి అయిదు ఉంటాయని చూపించాడు. 2, 11, 17, 29, 41తో మొదలయ్యే ఆ వరసను ఇప్పుడు రామానుజన్ ప్రధాన సంఖ్యలు అంటున్నారు.