బడి ఒకటే, తలుపులు రెండు

యూరోపియన్ యూనియన్ 'ఎరాస్మస్ ప్లస్' కింద యూత్ ఎక్స్ఛేంజ్‌లకు డబ్బులిస్తోంది. 13 నుంచి 30 ఏళ్ల వయసువాళ్లు వేరే దేశపు యువతతో 5 నుంచి 21 రోజులు గడుపుతారు. కొన్నిటిలో పౌరసత్వం, ప్రజాసేవలే చర్చాంశం. అవకాశాలు లేనివాళ్లకు అదనపు సాయం కూడా ఉంది. మంచిదే. కానీ ప్రజాసేవ గురించి నేర్చుకోవడమంటే ఆఫీసులు చూసి రావడమేనా? గేటు బయట ఎవర్ని నిలబెట్టారో అడగొద్దా?

చెక్ దేశంలోని ఒస్త్రావాలో 18 మంది రోమా పిల్లల్ని బుద్ధిమాంద్యం పేరుతో ప్రత్యేక బడుల్లోకి నెట్టారు. అది వివక్షేనని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2007లో తేల్చింది. బడి సర్కారుదే, పిల్లలూ పౌరులే. అయినా తలుపులు రెండు!

ఇది మనకు తెలిసిన కథే. మహద్ చవదార్ చెరువును 1924లో మునిసిపాలిటీ అందరికీ తెరిచింది, కాగితం మీద. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగాడు. కొన్ని నెలలకే మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. సేవ ఉండటం వేరు, అది అందరిదీ కావడం వేరు.

కాబట్టి రోమా పిల్లలకు దారిఖర్చులిచ్చి పిలిస్తే చాలదు. ఏం చర్చించాలో నిర్ణయించే చోట కూడా వాళ్లుండాలి. అప్పుడే అది పౌరవిద్య. లేకపోతే ఉన్నోళ్ల విహారయాత్రే.