బండ తట్టి మొదలుపెట్టే పని

కడపలో మా చిన్నాయన ఇంటి ముందు పరిచినవి కడప బండలే. పాత మారుతి 800 వెనక బ్రేకు షూలు మార్చాలి. జాకీ పెట్టే ముందు ఆయన వేళ్ల కణుపులతో బండను తట్టి చూశాడు. కింద మట్టి కుంగిన బండ బోలుగా మోగుతుంది, బరువు మోపితే చీలుతుంది. గట్టిగా పలికిన బండ మీద చెక్క, చెక్క మీద జాకీ. ముందు చక్రాలకు రాళ్లు, ఇరుసు కింద స్టాండు. హ్యాండ్ బ్రేకు వదిలేశాడు, లేకుంటే డ్రమ్ము రాదు.

వదిలినా రాలేదు. ఇలాంటప్పుడు సుత్తి ఎత్తేవాళ్లనే నేను ఎక్కువగా చూశాను. ఈయన డ్రమ్ము ముఖాన ఉన్న రెండు మర రంధ్రాల్లో బోల్టులు పెట్టి, దీన్ని అర చుట్టు, దాన్ని అర చుట్టు తిప్పుతూ పోయాడు. డ్రమ్ము నెమ్మదిగా జరిగొచ్చింది. లోపలి దుమ్మును నోటితో ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాడు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది మరి.

"పెడలు తొక్కాకురా, పిస్టన్లు బయటికొచ్చి పడ్తాయి."

రెండు షూలలో ముందుది ఎక్కువ అరిగి ఉంది. లోపమేమో అనుకున్నాను. కాదట. తిరిగే డ్రమ్ము ఆ షూను తనతో ఈడ్చుకుపోబోయి తనకే మరింత అదుముకుంటుంది. వెనక షూను మాత్రం నెట్టేస్తుంది. అంటే బండిని ఆపే బలంలో కొంత బండి పరుగే ఇస్తోంది! 1902లో లూయీ రెనో కారుకు పెట్టిన డ్రమ్ము బ్రేకు ఇన్నేళ్లు నిలిచిందంటే ఈ పొదుపూ ఒక కారణమే.

రెండు వైపులా ఒకేసారి విప్పడు. ఏ స్ప్రింగు ఏ రంధ్రంలోదో రెండో చక్రమే చెప్పాలి, అద్దంలో బొమ్మలా తిరగేసి. షూ అంచు ప్లేటుకు రాసుకునే చోట్ల ఆవగింజంత గ్రీజు. లైనింగుకు చమురు చెయ్యి తగలనివ్వడు.

అసలు పనితనం షూకూ డ్రమ్ముకూ మధ్య సందులో ఉంది. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూ ఇంకా దూరం పోవాలి, పెడలు లోతుకు దిగుతుంది. సందు ముందే ఎక్కువైతే కాలికి ఇక మిగిలేదేముంది? అందుకే డ్రమ్ము ఎక్కించి, చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టాడు. సన్నగా, చుట్టంతా ఒకే తీరున సర్రుమనాలి. ఒకచోట ఎక్కువ పలికింది. మళ్లీ విప్పాడు, సర్దాడు, తిప్పాడు.

ఆ తర్వాతే పెడలు తొక్కమన్నాడు. నేను తొక్కుతుంటే ఆయన చెక్క తీసుకుని అవతలి వైపుకు పోయి, అక్కడి బండను తట్టడం మొదలుపెట్టాడు.