నీటి అడుగున రంగుల పొందిక: ‘ది సైలెంట్ వరల్డ్’ చెప్పినది, చెప్పనిది

స్కూబా డైవింగు నేర్చుకొనబోవు యువకుడు అంగడిలో మొదట చూచునది రంగు. మాస్కు, కాళ్ళకు తొడుగు ఫిన్స్, వెట్‌సూట్, గాలి గొట్టములు అన్నియు ఒకే రంగున పొందికగా నుండునట్లు చేసి నేడు అమ్ముచున్నారు. ఈ పొందిక వలన ప్రయోజనమేమని అడిగినచో, పది మీటర్లు దిగిన పిమ్మట అన్నియు నీలమే కదా యని అనుభవజ్ఞులు నవ్వుదురు. శిక్షణ పుస్తకములలో దీనికి తగిన పట్టిక యొకటి కనబడును: ఇంత లోతున ఎరుపు పోవును, ఇంత లోతున నారింజ పోవును, ఆ తరువాత పసుపు పోవును అని. ఈ సంగతిని సామాన్య పాఠకునికి కన్నులకు కట్టినట్లు చెప్పిన పుస్తకము జాక్ కూస్తో, ఫ్రెడెరిక్ ద్యుమాలు వ్రాసిన ‘ది సైలెంట్ వరల్డ్’. 1953లో వెలువడిన ఆ గ్రంథమును ఈ యొక్క ప్రశ్నతో మరల చదివినచో, అందలి బలము, లోపము రెండును తేటపడును.

1943లో ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరుతో కలసి ఆక్వాలంగ్ పరికరమును రూపొందించిన కూస్తోకు, అంతకు ముందెవరికిని దొరకని తీరిక నీటి అడుగున దొరకినది. ఆ తీరికతో ఆయన బృందము రంగు చదరములు గల పలకను లోతునకు తీసికొనిపోయి చూచినది. 40 అడుగుల వద్ద ఎరుపు దాదాపు నలుపైనది; 120 అడుగుల వద్ద పసుపు ఆకుపచ్చవైపు తిరిగినది. దీనికంటె పాఠకునికి గుర్తుండునది చేప కథ. ద్యుమా చాల లోతున ఒక పెద్ద చేపను ఈటెతో కొట్టగా, కారిన రక్తము ఆకుపచ్చగా కనబడినది. పైకి తెచ్చుచుండగా 55 అడుగుల వద్ద అది ముదురు గోధుమరంగుగను, 20 అడుగుల వద్ద గులాబిరంగుగను, ఉపరితలమున ఎర్రగను మారినది. శోషణమును గూర్చి పది పుటల వ్యాఖ్యానము చేయలేని పనిని ఈ కొన్ని వాక్యములు చేసినవి. రక్తము మారలేదు, దానిపై పడిన వెలుగు మారినదని విద్యార్థి తానే గ్రహించును.

అయితే జాగ్రత్తగా చదువువానికి ఇచట చిన్న చిక్కు కనబడును. పలకపై ఎరుపు 40 అడుగులకే నల్లబడగా, అంతకంటె లోతున, 55 అడుగుల వద్ద, రక్తమున ఇంకను గోధుమఛాయ ఎట్లు మిగిలినది? రక్తమును, పూసిన రంగును ఒకే విధముగా కాంతిని త్రిప్పి పంపవు. దినము, నీరు, సూర్యుని ఎత్తు కూడ వేరై యుండవచ్చును. ఇది పరిశీలకుల తప్పు కాదు. ఒక నీటిలో, ఒకనాడు చూచినదానిని ఎల్ల సముద్రములకు చెల్లు సూత్రముగా మార్చిన తరువాతి పట్టికలదే తప్పు.

ఆ పట్టికలలో మరియొక పెద్ద లోపము కలదు. అవి లోతునే లెక్కించును గాని, కాంతి నడచిన మొత్తము దూరమును లెక్కింపవు. 650 నానోమీటర్ల ఎర్రని కాంతిలో స్వచ్ఛమైన నీటి గుండ ఒక మీటరు పోయిన పిమ్మట నూటికి 71 వంతులు మిగులును. 5 మీటర్లకు 18 వంతులు, 10 మీటర్లకు సుమారు 3 వంతులు మాత్రమే మిగులును. అదే 10 మీటర్లలో 450 నానోమీటర్ల నీలి కాంతి నూటికి 90 వంతులకు పైగా నిలుచును. ఇప్పుడు 4 మీటర్ల లోతున ఎర్రని ఫిన్స్ తొడిగిన డైవరును, 6 మీటర్ల ఎడముగా నున్న అతని తోడు డైవరు చూచుచున్నాడనుకొందము. వెలుగు పైనుండి 4 మీటర్లు దిగి, అడ్డముగా 6 మీటర్లు నడచి కంటిని చేరును. పట్టిక ప్రకారము ఎరుపు కనబడవలసిన లోతే యది. వాస్తవమున ఆ ఎరుపులో నూటికి 3 వంతులైనను మిగులుట కష్టము. తోడువానిని కన్నులతో వెదకికొనవలసిన చోట ఈ తేడా ప్రాణముతో ముడిపడినది.

నీటి స్వభావము మరియొక విషయము. కూస్తో బృందము ఎక్కువగా మునిగినది మధ్యధరా సముద్రమున. 1921లో ఓడపై ప్రయాణించుచు సి. వి. రామన్ ఆ సముద్రపు నీలిమనే చూచి, అది కేవలము ఆకాశపు ప్రతిబింబము కాదని, నీటి అణువుల పరిక్షేపణము దానికి కారణమని తలచి పరిశోధనకు పూనుకొనెను. ఆయన బాల్యము గడచిన విశాఖపట్టణపు తీరమున నేడు స్కూబా డైవింగు నేర్పువారున్నారు. కాని బంగాళాఖాతపు తీరజలము మధ్యధరా జలము కాదు. వానలకు నదులు తెచ్చు ఒండ్రు, నీటిలో పెరుగు సూక్ష్మజీవులు, కుళ్ళిన ఆకుల నుండి వచ్చు పసుపువన్నె పదార్థములు నీలి కాంతినే ముందు మ్రింగివేయును. అట్టి నీరు ఆకుపచ్చగనో, పసుపుగనో తోచును. అందు మొదట కానరాకుండ పోవునది ఎరుపే యని చెప్పుటకు వీలులేదు.

ఈ భేదమును ప్రయోగముతో చూపినవారు అమెరికా నౌకాదళ పరిశోధకులు కిన్నీ, లురియా, వీట్జ్‌మన్‌లు. 1967లో ప్రకటించిన వారి పరిశీలనము బురదనీటి నది మొదలు స్వచ్ఛమైన ఊటనీటి వరకు వివిధ జలములలో జరిగినది. ఏ నీటికి ఏ రంగు మేలనుట మారినను, ప్రతిదీప్తి గల రంగులు సాధారణపు రంగులను మించినవి. దీనికి కారణము సులభము. సాధారణమైన నారింజరంగు, తన వద్దకు వచ్చిన నారింజ కాంతినే త్రిప్పి పంపగలదు. అది దారిలోనే పోయినచో పంపుటకేమియు లేదు. ప్రతిదీప్తి గల నారింజ పదార్థము నీలి, ఆకుపచ్చ కాంతులను గ్రహించి, నారింజ కాంతిని తానే వెలువరించును. కావున ఆ కాంతి దాటవలసినది వస్తువు నుండి కంటి వరకు గల దూరము మాత్రమే.

ఇక పొందిక మాట. మాస్కు, ఫిన్స్ ఒకే రంగున నుండుట వలన నీటి అడుగున లాభమేమియు లేదు. ముఖమునకు అతుకని మాస్కు ఎంత అందమైన జతలోనిదైనను నీటిని లోనికి రానిచ్చును. కాని ‘రంగుతో పనియే లేదు’ అనువారి మాటయు నిలువదు. అత్యవసరమున తోడువానికి అందించు రెండవ రెగ్యులేటరును పసుపురంగున నుంచు ఆచారము ఊరకయే పుట్టలేదు. భయపడినవాడు నల్లని గొట్టముల నడుమ దానిని వెదకుచు కూర్చుండరాదు. ఉపరితలమునకు వదలు గుర్తుబుడగ నారింజయో పసుపో కావలెను, ఏలయన దానిని చూడవలసినది పడవలోని మనిషి. మాస్కు అంచు నల్లనిదైనచో ప్రక్కవెలుగు లోనికి రాదని ఛాయాచిత్రములు తీయువారు దానినే కోరుదురు. అద్దెకు తెచ్చిన నల్లని సూట్లలో ఎనమండుగురు కలసి దిగినప్పుడు ఎవరు ఎవరో తెలియకపోవుట మరియొక చిక్కు. అచట పొందికయే హాని. ఒకరి ఫిన్స్ మాత్రము తెల్లనివైనను మేలు.

కూస్తో గ్రంథము పేరుతోనే, లూయీ మాల్‌తో కలసి ఆయన తీసిన చలనచిత్రము 1956లో కాన్ ఉత్సవమున అత్యున్నత బహుమానము పొందినది. అందు సొరచేపలను చంపు దృశ్యమును నేటి ప్రేక్షకుడు సహింపడు. అది వేరు చర్చ. రంగుల విషయమున మాత్రము పుస్తకము చిత్రముకంటె నిజాయితీ గలది. దీపము చేతికి దగ్గరనున్నప్పుడు కాంతి పోయివచ్చుటకు రెండు మీటర్ల నీరే అడ్డము, ఎరుపులో సగము నిలుచును. అందువలన చిత్రములో పగడపు దిబ్బలు మండిపోవుచున్నట్లు కనబడును. దీపము లేని డైవరు చూచునది అది కాదని చిత్రము ప్రేక్షకునికి తగినంత గట్టిగా చెప్పలేదు.

తరగతిలో ఈ సంగతిని పరీక్షించుటకు సముద్రము అక్కరలేదు. గదిని చీకటి చేసి, టార్చిపై మూడు నాలుగు పొరల నీలి సెల్లోఫేన్ కాగితము చుట్టి, ఎర్రని గుడ్డపైనను, దుకాణములలో దొరకు ప్రతిదీప్తి గల నారింజ కాగితపు ముక్కపైనను ఆ వెలుగును వేయవలెను. గుడ్డ నల్లబడును. కాగితము నారింజగనే మెరయును.