పరాయి కన్ను, మన జాతర: పాల్ హీబర్ట్ రచనలపై ఒక పరిశీలన

నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ఇరవయ్యో శతాబ్దంలో మెన్నొనైట్ బ్రెదరన్ మిషన్‌కు కేంద్రాలు. ఆ మిషనరీ కుటుంబాల్లో ఒకదానికి చెందినవారు పాల్ హీబర్ట్. ఆయన 1932లో శంషాబాదులో పుట్టారు. అమెరికాలో చదువుకుని, 1960లలో మిషనరీగా తిరిగి వచ్చారు. తర్వాత మానవశాస్త్రవేత్తగా పేరు పొందారు. హైదరాబాదుకు దక్షిణాన ఉన్న ఒక పల్లె మీద ఆయన రాసిన 'కొండూరు' గ్రంథం 1971లో వెలువడింది.

ఆయన తన రచనల్లో ఒక సంఘటన చెప్పారు. ఒక ఊరికి మశూచి సోకింది. మైసమ్మకు కోపం వచ్చిందని, దున్నపోతును బలి ఇవ్వాలని తేలింది. ఊరి పెద్దలు ఇంటింటా చందా అడిగారు. క్రైస్తవులు ఇవ్వమన్నారు. వారి పెద్ద సహాయం కోరి మిషనరీ దగ్గరకు వచ్చాడు. ఏం చెప్పాలో తనకు తోచలేదని హీబర్ట్ ఒప్పుకున్నారు.

ఎందుకు తోచలేదు? 1982లో ప్రకటించిన వ్యాసంలో ఆయన దీనికి కారణం వెతికారు. పాశ్చాత్య విద్య లోకాన్ని రెండు అంతస్తులుగా చూపిస్తుంది. పైన దేవుడు, పరలోకం. కింద విజ్ఞానం, వైద్యం. ఈ జబ్బు మా ఇంటికే, ఇప్పుడే ఎందుకొచ్చింది అనే ప్రశ్న ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. దిష్టి, శకునం, గ్రామదేవత ఉండేది అక్కడే. ఆ నడిమి అంతస్తు తన చదువులోనే లేదని ఆయన గుర్తించారు. పల్లెవాళ్లది మూఢనమ్మకమని కొట్టిపారేయకుండా లోపాన్ని తనలో వెతుక్కోవడం ఈ రచనకు గొప్ప బలం.

అయితే ఒక పరిమితిని గమనించండి. ఈ వ్యాసం దేవతను ముఖ్యంగా కష్టానికి దొరికే జవాబుగా చూస్తుంది. గద్వాల జములమ్మ జాతరకు వెళ్లినవారికి తెలుసు, జాతర అంటే భయం ఒక్కటే కాదు. చుట్టాలు కలుస్తారు, మొక్కులు తీరతాయి, అంగళ్లు వెలుస్తాయి. ఊరి పండుగలో ఎవరు డప్పు కొట్టాలి, ఎవరు ముందు నడవాలి అన్నది కులమే నిర్ణయించేది. చందా ఇవ్వడమంటే నేనూ ఈ ఊరివాణ్ణే అని చెప్పడం. కాబట్టి దళిత క్రైస్తవుడు చందా ఇవ్వనన్నప్పుడు అది విశ్వాసానికి మాత్రమే సంబంధించిన మాట కాదు. ఊరు తనకు కేటాయించిన చోటును కాదనడం కూడా. అలా కాదన్నందుకు ఊరితో పొత్తు పోగొట్టుకోవలసి రావచ్చు. ఆ కోణంలో చూడాలంటే, పల్లె నిర్మాణాన్ని, కుల సంబంధాలను వివరించిన 'కొండూరు' మనకు ఎక్కువ సాయపడుతుంది. మిషనరీ హీబర్ట్‌ను మానవశాస్త్రవేత్త హీబర్ట్‌తో కలిపి చదవాలి.

మన ఊరి గురించి పరాయివాడు రాస్తే పొంగిపోవడం, లేదా కోపగించుకోవడం తేలిక. రెండూ విమర్శ కావు. ఆయన ఏం చూశారు, ఏది చూడలేదు, చూడనిది మనకెలా తెలుసు అని అడగడం విమర్శ.

అభ్యాసం: మీ ఊరి జాతరలో చందా ఎవరు వసూలు చేస్తారు? ఇవ్వనివారిని ఊరు ఎలా చూస్తుంది? పెద్దలను అడిగి పది వాక్యాల్లో రాయండి. మీరు అడగకుండా వదిలేసిన ఇల్లు ఏదో చివరి వాక్యంలో చెప్పండి.