కమురు వాసన

ఇంటిలో ఏ మూలనుండియో కమురు వాసన సోకినపుడు మనలో అనేకులు మొదట పరుగెత్తునది వంటయింటికి. పొయ్యిమీద ఏదియు మాడుట లేదని తెలిసినంతనే, ప్రక్క యింటివారెవరో చెత్త తగులబెట్టియుందురని సమాధానపడి, కిటికీ మూసి, మరల తమ పనిలో పడుదురు. ఆ సమాధానము ఎంత సులభమో అంత ప్రమాదకరము. గోడలోని తీగ మండుటకు ముందు ఇంటివారికి అందు కబురు సాధారణముగా ఆ వాసన యొక్కటియే. పొగయు మంటయు దాని వెనుక వచ్చునవి.

మా హనుమకొండలో మా వీథి యిండ్ల కరెంటు పనులు చూచెడి వృద్ధ వైర్‌మన్ ఒకరున్నారు. వారి పనితనమును ప్రక్కన నిలిచి చూచుట నాకు చిరకాలముగా ప్రీతిపాత్రమైన విషయము. వాసన వచ్చుచున్నదని పిలిచిన యింటి గడప తొక్కుచునే వారడుగు ప్రశ్న ఒకటే: “మెయిన్ బంద్ చేసిండ్రా సార్?” చేయలేదన్నచో తామే పోయి మెయిన్ దింపి, ఆ పైననే తక్కిన మాట. “వాసన వచ్చినప్పుడు ఏమేం నడుస్తున్నయి? గీజరా, కూలరా, ఇస్త్రీ పెట్టెనా?” పిమ్మట వారు తొందరపడరు. వాసన ఏ గోడ చెంత దట్టముగా నున్నదో ముక్కుతో ఆరసి, అరచేతి వెనుకభాగమును ఒక్కొక్క బోర్డు చేరువకు కొనిపోయి వెచ్చదనమును పరీక్షించి, అనుమానము తగిలిన చోట టెస్టరు పెట్టి కరెంటు లేదని రూఢి చేసికొనిన పిదపనే మరలు విప్పుదురు.

వాసనలన్నియు ఒక జాతివి కావు. తీగపైని పీవీసీ తొడుగు మాడినచో అందుండి వెలువడు హైడ్రోజన్ క్లోరైడు గొంతును గీఱునట్టి ఘాటును పుట్టించును. స్విచ్చుల, సాకెట్ల గట్టి ప్లాస్టిక్ వేడెక్కినచో పచ్చిచేపల నీచు వంటి వాసన వచ్చుటయు కలదు. చేపలు వండని యింట నీచు తగిలినచో స్విచ్చుబోర్డును అనుమానింపవలసినదే. ఫ్యాను మోటారు చుట్టలకు పూసిన వార్నీషు కాలినచో అది మఱొక తీరు. బోర్డులో దూరి ప్రాణము పోగొట్టుకొన్న బల్లి వలన పుట్టు కంపు వేఱు. వీనిని విడదీసి గుర్తించుట ఏండ్ల అభ్యాసమున అబ్బు విద్య.

ఒక యింటి గీజరు సాకెట్టును వారు విప్పగా దగ్గఱనుండి చూచితిని. ఎదుట నిలిచినవారికి కుడివైపుననుండు ఫేజు రంధ్రము చుట్టును తెల్లని ముఖము గోధుమవన్నెకు తిరిగియుండెను. వెనుక, ఇత్తడి బిగింపులోని మర కొంచెము వదులై, దాని క్రింది ఎఱ్ఱ తీగ తొడుగు అంగుళము పొడవున నల్లబడి, గోరు తాకినంతనే పెళుసుగా రాలిపోయెను. లోని రాగికి మెఱుపు పోయి మసివన్నె వచ్చియుండెను.

ఇంత జరుగుచున్నను ఆ యింటి ఎంసీబీ పడలేదు. అందులో దాని దోషమేమియు లేదు. 2000 వాట్ల గీజరు 230 వోల్టులపై తీసికొను కరెంటు తొమ్మిది ఆంపియర్లకు లోపే గనుక 16 ఆంపియర్ల ఎంసీబీకి అది న్యాయమైన భారము. కాని వదులైన మర చెంత అర ఓము నిరోధము ఏర్పడినదనుకొనుడు: 1841లో జౌల్ ప్రకటించిన సూత్రము చొప్పున వేడి కరెంటు వర్గముననుసరించి పెరుగును గాన, ఆ చిన్న చోట పుట్టు వేడి దాదాపు 38 వాట్లగును, రేడియో బాగుచేయువారి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కంటె అది అధికము. గాలియాడని పెట్టెలో ఆ వేడి తీగ తొడుగునానుకొని నిలుచును. సాధారణ పీవీసీ తొడుగు ఎడతెగక తాళగలది 70 డిగ్రీలు మాత్రమే. వేడికి లోహము వ్యాకోచించి, చల్లారి సంకోచించి, మర మఱింత వదులగును. లీకును పట్టు ఆర్‌సీసీబీ సైతము దీనిని ఎఱుగదు. కావున ఈ ఒక్క లోపము విషయమున మన ముక్కునకు సాటి కావలి ఆ బోర్డులో లేదు.

వరంగల్‌లోని మట్టెవాడ, గిర్మాజీపేట వంటి పాతపేటల యిండ్లలో రెండు బల్బులకు, ఒక ఫ్యానుకు సరిపడ వేసిన తీగలమీదనే నేడు ఏసీయు ఫ్రిజ్జును నడుపువారున్నారు. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని విసిగి, పింగాణీ కటౌటులో ఫ్యూజు తీగకు మాఱుగా లావుపాటి రాగిపోచలు చుట్టువారును ఉన్నారు. ఇది ఇంటిలో తామే నిప్పు దాచిపెట్టుట. 2023 జూలైలో వఱద హనుమకొండ, వరంగల్ కాలనీలను ముంచెత్తినపుడు నీరు చొచ్చిన సాకెట్ల సంగతియు ఇట్టిదే. పైకి ఎండి బాగుగానే కనబడినను లోపల చిలుము పట్టిన బిగింపులు నెలల తరువాత వేడెక్కవచ్చును.

అదే సంవత్సరము మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదములో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక మరణించిరి; వారిలో పలువురు ఉమ్మడి వరంగల్ జిల్లానుండి పొట్టకూటికై పోయిన బిడ్డలు. షార్ట్ సర్క్యూట్ కారణమని ప్రాథమికముగా చెప్పబడినది. ఆ వార్త చదివిననాటినుండి ఈ వాసన విషయమున నేనెవరితోను మొగమాటపడుట మానితిని. ఎవరి యింటికి అతిథిగా పోయినను, అట్టి వాసన తగిలినచో కాఫీ ప్రక్కనపెట్టి మెయిన్ దింపుడని చెప్పుచున్నాను.

మెయిన్ దింపగనే వాసన తగ్గినది గదా, మఱల వేసి చూతమని కొందఱు తలంతురు. లోపమేదో కన్నులార చూచి బాగుచేయువఱకు వేయవలదు. మంట కనబడినను, మెయిన్ స్విచ్చే వేడెక్కినను దానిని తాకక, నీళ్లు చల్లక, అందఱను వెలుపలికి తెచ్చి 101కు ఫోను చేయుడు. స్తంభము వద్దనో, సర్వీసు వైరు వద్దనో చిటపటలు వినవచ్చినచో 1912కు చెప్పుడు. ఇక ఏడాదికొకమాఱు, వేసవి ముదురక ముందే, తెలిసిన వైర్‌మన్‌ను పిలిచి గీజరు, ఏసీ, కూలరు సాకెట్ల మరలన్నియు బిగింపించి, ఆయన అడిగిన కూలిని బేరమాడక చెల్లింపుడు.