దినాం, ఎప్పుడన్నా, ఎన్నడూ

సాయంత్రం ఆరు దాటితే మా వసారాలో పదిమంది పిల్లలు చాప పరుచుకుంటారు. కొత్తకోట మీదుగా కర్నూలు వైపు పోయే లారీల మోతలోనే మా ఇంగ్లిషు ట్యూషన్ సాగుతుంది. పోయిన వారం పాఠం దినచర్య. రోజూ ఏం చేస్తారో ఐదు వాక్యాలు రాయమన్నాను. సగం మంది మొదటి వాక్యం ఒకటే: 'ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ డైలీ.'

తప్పే. కానీ ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తెలిశాక ఎర్రసిరా పెట్టబుద్ధి కాలేదు. మనం 'దినాం బడికి పోత' అన్నా, 'రేపు బడికి పోత' అన్నా క్రియ ఒక్కటే. అలవాటుకు వేరే రూపం లేదు. ఇంగ్లిషులో రెండూ వేరు. ఉత్త 'గో' అంటే పిల్లవాడికి ఏదో వెలితిగా ఉంటుంది, పోతున్నట్టు అనిపించదు. అందుకే 'గోయింగ్' తగిలిస్తాడు. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం ఇలాంటి క్రియను తద్ధర్మం అంది. పక్షి ఎగురుతుంది, ఏరు పారుతుంది. ఎన్నిసార్లని ఎవరూ అడగరు. అది దాని ధర్మం, అంతే.

ఇంగ్లిషు మాత్రం ఆ లెక్క అడుగుతుంది. ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, సమ్‌టైమ్స్, రేర్లీ, నెవర్. ఇవి క్రియకు ముందు రావాలి, ఈజ్, యామ్, ఆర్ ఉంటే వాటి తర్వాత. ఈ నియమం రెండు రోజుల్లో పట్టుబడుతుంది. సతాయించేది నెవర్. తెలుగులో 'ఎన్నడూ' ఒక్కటే చాలదు, 'ఎన్నడూ అబద్ధం చెప్పను' అని క్రియ కూడా కాదనాలి. ఆ లెక్కనే మావాళ్లు 'ఐ డోంట్ నెవర్ టెల్ లైస్' అని రాస్తారు. ఇంగ్లిషు వ్యాకరణం ప్రకారం అది నేరం ఒప్పుకున్నట్టే!

2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా పుస్తకాలు అచ్చేశారు. ఆ ఎదురెదురు పేజీలు నాకు ఇష్టం. నచ్చనివల్లా గోడచార్టుల్లోని శాతాలు. ఆల్వేస్ అంటే నూరు, సమ్‌టైమ్స్ అంటే యాభై, నెవర్ అంటే సున్నా అని మెట్లు కడతారు. పిల్లలు వాటిని ఎక్కాల్లా వల్లిస్తారు. నూటిలో యాభై సరే, ఆ నూరు దేనికి నూరు?

దీనికి సరళాసాగర్ కథ చెప్పాను. మదనాపురం దగ్గర ఉన్న ఆ ప్రాజెక్టుకు వనపర్తి రాజావారు తల్లి సరళాదేవి పేరు పెట్టారు. 1949లో పునాది పడింది, 1959లో ప్రారంభమైంది. గేట్లెత్తడానికి అక్కడ మనిషి అక్కర్లేదు. నీళ్లు నిండుమట్టం దాటితే సైఫన్లలోని గాలి బయటికి పోయి, నీళ్లే నీళ్లను లాగి, వాటంతట అవే దుముకుతాయి. 'సైఫన్లు పారుతాయి' అన్న వాక్యానికి ఏ మాట తగిలించాలి? 'రేర్లీ' అన్నాడొకడు, మన వానల సంగతి తెలిసినవాడు. 'నిండితే ఆల్వేస్ కదా సార్' అన్నాడు ఇంకొకడు. ఇద్దరిదీ రైటే. ఒకడు ఏండ్లు లెక్కపెట్టాడు, ఒకడు నిండిన రోజులు లెక్కపెట్టాడు. మూడోవాడు ఉత్సాహం కొద్దీ 'ది బండ్ నెవర్ బ్రేక్స్' అని రాశాడు. 2019 డిసెంబర్ 31న ఆ కట్టకే గండి పడిందని చెప్పి నెవర్ కొట్టేయించాను. నెవర్ రాసేముందు ఊళ్లో పెద్దమనుషులను ఒకసారి అడగడం మేలు.

ఆ రోజు చివరగా నోట్సు తెచ్చింది ఏడో తరగతి పిల్ల. పాఠ్యపుస్తకాల ఇంట్లో నాన్న యూజువల్లీ పొద్దున పేపరు చదువుతాడు. ఈ పిల్ల నాన్న గుంపు మేస్త్రి వెంట బయటి రాష్ట్రంలో పనికి పోయాడు. పాలమూరులో ఇది కొత్త సంగతి కాదు. ఆమె రాసింది రెండే వాక్యాలు: 'మై ఫాదర్ రేర్లీ కమ్స్ హోమ్. హి ఆల్వేస్ కమ్స్ ఫర్ కురుమూర్తి జాతర.'

సైఫన్ల పాఠం ఇంత తొందరగా పండుతుందని అనుకోలేదు. అయినా మాస్టరు బుద్ధి ఊరుకోదు కదా.

"ప్రతి ఏడూ వస్తడా బిడ్డా? ఒక్కసారి గూడ తప్పలేదా?"

వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "ఒక్క ఏడు రాలే సార్."

"అట్లయితే యూజువల్లీ రాయాలె."

రబ్బరు తీసింది. కాగితం మీద ఆనించి ఆగింది.

"ఆ ఏడు మేస్త్రి పంపలే సార్. నాయిన రాననలే."

రబ్బరు కంపాసు డబ్బాలో పెట్టేసింది. నేను ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టాను.